ముంగిట్లో పుట్టిన బండికి దారేది?

చాలా దినాల తర్వాత ఇక్కడ కలం కదుపుతున్నాను. (కదిలేవి వేళ్ళే అయినా, పాత అలవాటు పోదు కదా!) యతిప్రాసల గురించో, సమాసాల గురించో ఏదో చెబుతాడని వచ్చిన మిత్రులు మన్నింతురు గాక. ఈ టపాకు విషయం ఇనుము, కందెన, మోటారు వాహనాల చట్టం. ముప్పైయేండ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవానికి వీటితో పనేమిటని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబు చివరికి మీకే తెలుస్తుంది.

కారణం ఇది. మొన్నొక పెళ్ళి విందులో నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి, పెద్ద చదువులు చదివి పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు, పాయసం జుర్రుతూ ఇలా సెలవిచ్చారు: "ఈ నాటుబండ్లు చేసేవాళ్ళనందరినీ లోపల వేయాలండీ. పది తప్పినవాడు బండి తయారు చేయడమేమిటి? అది బండా, యమదూతా?" పంక్తిలో కూర్చొని వాదించడం మర్యాద కాదని నేను మిన్నకున్నాను. ఇంటికి వచ్చాక ఆ మౌనం నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ రాత. ఆయన పేరు చెప్పను. ఆయన ఒక్కడైతే రాసేవాడినే కాదు.

మా వైపు వేదవతిని హగరి అంటాం. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో ఆ యేటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలై కూర్చుంటుంది. పడమటి కనుమల వాననీడలో ఉన్న నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన; దేశంలో తక్కువ వాన చూసే జిల్లాలలో మాదొకటని బడిపిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి నేను. ఎద్దులకు మేత లేక వాటిని సంతకు తోలుకొని పోయిన కరవులెన్నో నా కండ్లతో చూశాను. ఎద్దులు పోయినా పొలం పోదు; పొలానికి పోయే ఇసుకదారీ పోదు. వేసవిలో చీనీచెట్లను బ్రతికించుకోవడానికి తొట్లతో నీళ్ళు మోసి పాదులలో పోసిన రైతులు ఈ జిల్లాలో ఎందరో. ఆ నీళ్ళు ఆ ఇసుక దాటాలంటే మామూలు బండి చాలదు.

నావద్ద చదివిన ఒక పిల్లవాడు (ఇప్పుడు నలభై దాటినవాడే, నాకు మాత్రం పిల్లవాడే) ఆ దారి కోసం తన ఇంటి ముంగిట్లో ఒక బండి కట్టుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. వాడు బడిలో సంధి విడదీయమంటే బిక్కమొగం వేసేవాడు. నా సైకిలు మాత్రం విడదీసి, తుడిచి, ఒక్క మర కూడా మిగలకుండా తిరిగి కూర్చేవాడు. ఒకనాడు తరగతిలో అందరి ఎదుటా వాణ్ణి 'మొద్దు' అన్నాను. ఆ మాట నాకు గుర్తుంది. వానికీ గుర్తుందని నాకు తెలుసు.

ఆ బండి ఎలా తయారైందో చెప్పకపోతే నా వాదానికి బలముండదు. చూడకుండా తీర్పు చెప్పే పెద్దమనిషికీ నాకూ భేదమూ ఉండదు.

మొదట చట్రం. సీ చానెల్ ఇనుము తెచ్చి రెండు నిలువు దూలాలు, వాటి నడుమ ఐదు అడ్డదూలాలు పరచుకున్నాడు. వెల్డింగు వేడికి ఇనుము వంకరపోతుంది. కనుక ఒకేచోట గబగబా అతకలేదు; ఇక్కడ రెండంగుళాలు, ఎదురుమూల రెండంగుళాలు, నడుమ చల్లారనివ్వడం. ప్రతి సాయంత్రమూ మూల నుంచి మూలకు దారం పట్టి రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయో లేదో చూడడం. అది చూసి నాకు గణయతులు సరిచూసుకొనే పద్యకవి గుర్తుకు వచ్చాడు. పాత జీపు ఇరుసులు రెండూ, ముందు చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ పాత ఇనుము అంగడిలో కొన్నాడు, రసీదుతో సహా. ఇంజను ఒక పాత సరుకుల వాహనానిది, డీసెలు. ఆ ఇంజనుకూ ఈ గేర్‌బాక్సుకూ పుట్టుకలో పొత్తు లేదు. రెంటినీ కలిపే మందపాటి పలకను లేతు మీద తీయించాడు. నడిమి రేఖలు వెంట్రుకవాసి తప్పినా బేరింగు అరిగిపోతుందని, తిప్పిన పలకనే రెండుసార్లు మళ్ళీ తీయించాడు. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు కొసల కీళ్ళ కోణాలు సమానంగా లేక బండి వణికితే, ఇంజను కూర్చున్న దిమ్మెలు కోసి మళ్ళీ అతికాడు. బ్రేకులకు రెండు వేర్వేరు గొట్టపుదారులు పెట్టాడు. ముందరి గొట్టం పగిలినా వెనుక చక్రాలు పట్టుకుంటాయి. మూడు వేసవులు పట్టింది, విత్తనం కాలంలో సుత్తి ముట్టడు కనుక.

నాలుగు చక్రాలూ ఎందుకు లాగాలి అని అడిగాను. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరమూ, లోపలి చక్రం తక్కువ దూరమూ పోవాలి. అందుకని ఇరుసు నడుమ పండ్లచక్రాల పెట్టె ఒకటి ఉంటుంది. దానికొక బలహీనత. ఒక చక్రం ఇసుకలో జారడం మొదలుపెడితే తిరుగుడంతా దానికే పోయి, గట్టినేల మీద ఉన్న రెండో చక్రం చూస్తూ నిలబడిపోతుంది. "గలాటా చేసే పిల్లోనికే అమ్మ అన్నమంతా పెట్టినట్ల ఐవారూ" అన్నాడు వాడు. ముందు ఇరుసు కూడా లాగితే వెనుక కూరుకొన్నా బండి బయటపడుతుంది. ముప్పైయేండ్లలో నేను చెప్పిన ఏ ఉపమాలంకారమూ ఇంత సూటిగా తగలలేదు.

చివరన టింకరింగు. రేకు మడిచి, లప్పం పెట్టి, ఎమిరీ కాగితంతో నీళ్ళు చల్లుతూ రుద్ది, రెడాక్సైడు పూసి, దాని మీద వేరుశనగాకు పచ్చరంగు. రంగు భార్య ఎంపిక. "ఇంత నున్నగా ఎందుకురా, తిరిగేది ఇసుకలోనే కదా?" అంటే, "తుప్పు పట్టకూడదు గదా ఐవారూ, అదీగాక మన ఇంట్లోది" అన్నాడు. ఆ 'అదీగాక' నాకు నచ్చింది.

ఇక 'నాటు' అనే మాట. నాడు అంటే దేశం. నాడుకు చెందినది నాటు. దానికి ఎదుటిది సీమది, అనగా పైదేశం నుంచి దిగినది. సీమచింత వంటి మాటలలో ఆ అర్థం ఇంకా బ్రతికే ఉంది. నాటు అనగా ఇక్కడిది, అంతే. మరి నాటువైద్యం, నాటుసారా, నాటుబాంబు అని వాడివాడి ఆ మాటను ఎప్పుడు నేరస్థుల పట్టీలో చేర్చామో మనకే తెలియదు. 2023లో ఒక తెలుగుపాటకు ఆస్కారు వచ్చాక లోకమంతా నాటు అని చిందులేసింది, మనమూ వేశాం. పాటలో ముద్దు, బండిలో చేదు! పేరుకు సైతం హిందీ 'జుగాడ్' ఎరువు తెచ్చుకున్నాం. కూర్పు అనే చక్కని మాట మనకు లేదా? పద్యాన్ని కూర్చినవాడు కవి అయినప్పుడు ఇనుమును కూర్చినవాడు అపరాధి ఎలా అయ్యాడు?

కూర్చడం చిన్నతనమనేవారికి ఒక చరిత్ర గుర్తు చేస్తాను. జీపు అనే జాతి పుట్టింది మహాసంస్థలో కాదు. 1940లో అమెరికా సైన్యం తేలికబండి కావాలని అడిగి, నమూనాకు 49 దినాల గడువు పెడితే, పెన్సిల్వేనియాలోని బట్లరు ఊళ్ళో దివాలా అంచున ఉన్న బాంటమ్ అనే చిన్న సంస్థ కార్ల్ ప్రాబ్‌స్ట్ గీసిన పటాలతో ఆ గడువుకే సెప్టెంబరు 23న బండి అప్పగించింది. తర్వాతనే పెద్ద సంస్థలు దాన్ని వేలకు వేలు చేసినవి. మనదేశంలో మహీంద్రా వారు జీపుల ప్రయాణం మొదలుపెట్టింది 1947లో, విడిభాగాలు దిగుమతి చేసుకొని ఇక్కడ కూర్చుతూనే. కూర్పు నుంచే తయారీ పుట్టింది. మన సినిమావాళ్ళకు మాత్రం సీమలో జీపంటే కత్తులు మోసుకొచ్చేదే! నీళ్ళు మోసే జీపును వారెన్నడూ చూపలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ నా అపరాధం కూడా ఉంది, దాచను.

బండి పూర్తయ్యాక వాడు నావద్దకు వచ్చి, "నంబరు ఎట్ల తీసుకోవాలో చదివి చెప్పండి ఐవారూ" అన్నాడు. చదివాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేనిదే బహిరంగస్థలంలో గాని, 'మరే ఇతర స్థలంలో' గాని నడపకూడదు. ఆ చివరి మాట చూడండి. రోడ్డు మాత్రమే కాదు, తన పొలం సైతం. రిజిస్ట్రేషనుకు 20వ ఫారం పెట్టాలి. దానికి తోడు 21వ ఫారం, అనగా అమ్మకపు పత్రం. 22వ ఫారం, అనగా బండి యోగ్యమైనదని తయారీదారు ఇచ్చే పత్రం. తానే చేసుకున్నవానికి ఎవరు అమ్మారు? ఎడమచేయి కుడిచేతికి అమ్మిందని రాయాలా? తయారీదారు కావాలంటే 1989 నియమావళిలోని 126వ నియమం కింద నమూనా బండిని పుణేలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షాసంస్థకు పంపి నెగ్గించుకోవాలి. లక్ష బండ్లు చేసేవానికి ఆ ఖర్చు లక్ష భాగాలవుతుంది. ఒక్క బండి చేసినవానికి ఒక్కటే భాగం. పోనీ, పాత జీపునే మార్చుకున్నానంటే, మూల నిర్మాణానికి విరుద్ధంగా మార్చరాదని 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి ఆరునెలల వరకు జైలు, లేదా ఐదువేల జరిమానా, లేదా రెండూ.

ఇదంతా వానికి చదివి వినిపించాను, అర్థతాత్పర్యాలతో సహా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఇంటి ముందర పెట్టుకోని చూస్తా కూచోవాల్నా ఐవారూ?" అన్నాడు. ఆనాటి నుంచి బండి మీద పట్టా కప్పేశాడు. ఆ వేసవిలో ట్రాక్టరు బాడుగకు పిలిచి, ఒక్కో తొట్టికీ డబ్బు కట్టి నీళ్ళు పోయించాడు. దగ్గరి పాదులకు నీళ్ళందినవి. దిబ్బ అవతల ఉన్న వరుసకు ట్రాక్టరు తొట్టి పోలేక, ఆ చెట్లు ఎండిపోయినవి. తన బండి దాటగల దిబ్బ అది. వాణ్ణి ఆపినది పోలీసు కాదు, నా తెలుగు.

ఈసారి పెద్దమనిషి పక్షం కూడా న్యాయంగా చూద్దాం. బ్రేకు సరిగా లేని బండిలో ఇరవైమందిని ఎక్కించి జాతీయ రహదారి మీద తోలడం నేరమే. 2013 మేలో సర్వోన్నత న్యాయస్థానం, జుగాడు కూడా మోటారు వాహనమేననీ, నియమాలకు లోబడనిదే తిరగరాదనీ చెప్పినప్పుడు, ఎదుట ఉన్న ప్రమాద బాధితులను తలచుకొని చెప్పింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. ఎదుటివాని ప్రాణం కన్నా నా శిష్యుని నైపుణ్యం గొప్పది కాదు. నా పేచీ తలుపు గురించి. పరీక్షించి 'పనికిరాదు' అనండి, తలవంచుతాను. పరీక్షకు కూర్చోనివ్వకుండానే తప్పించడం ఏ బడిలోనూ న్యాయం కాదు. ఈ మాట జీవితమంతా పరీక్షలు పెట్టినవాడు చెబుతున్నాడు.

తలుపు తీయడం ఈ చట్టానికి తెలియని విద్యేమీ కాదు. వికలాంగుల కోసం మార్చిన వాహనాలకు తలుపుంది, అది ఉండవలసినదే. గ్యాసు కిట్లకు తలుపుంది. 2021 జులైలో, యాభైయేండ్లు దాటిన పాతకార్లను భద్రపరచుకొనే వారి ముచ్చట కోసం ప్రత్యేక రిజిస్ట్రేషను పద్ధతి తెచ్చి, 'వీఏ' అక్షరాలతో నంబరు పలకలు సైతం ఏర్పరచారు. సంతోషమే. తాతలనాటి కారును ప్రదర్శనకు తీసుకుపోయేవానికి దొరికిన తలుపు, చీనీచెట్టుకు నీళ్ళు మోసేవానికి ఎందుకు దొరకదు? బ్రిటనులో ఒక్కొక్క కారును విడిగా పరీక్షించే పద్ధతి 1998లో వచ్చి, 2009లో మరింత కట్టుదిట్టమైంది. ఇంట్లో కూర్చుకున్న బండ్లకు అందులో ప్రత్యేక తరగతే ఉంది. అక్కడి వారికి ప్రాణభయం లేదా?

ఇక నా శాస్త్రం వైపు వస్తాను. వేదకాలంలో మోటారుకార్లుండేవని చెప్పే రకాన్ని కాను నేను. ఆ గొప్పలు విని విసిగినవాణ్ణి. కాని మన పూర్వులు పనివానికి చోటు ఎలా చూశారో చెప్పే ఘట్టం ఒకటుంది. అగ్న్యాధానానికి ఏ వర్ణంవారికి ఏ ఋతువో చెప్పే శ్రౌతవిధిలో, మూడు వర్ణాల తర్వాత రథకారుని పేరు వస్తుంది, అతనికి వర్షర్తువు. జైమిని మీమాంసాసూత్రాల ఆరవ అధ్యాయంలో దీని మీద పెద్ద విచారణే ఉంది. రథకారుడంటే 'రథం చేసే ద్విజుడు' అని అవయవార్థం చెప్పుకోవాలా, లేక ఆ పేరుతో లోకంలో ఉన్న వేరే జాతివాడా? అవయవార్థం చెబితే చిక్కుండదు. కొత్తవాణ్ణి లోపలికి రానివ్వనక్కరలేదు. అయినా యోగం కన్నా రూఢియే బలమైనదని, నిజంగా రథాలు చేసి బ్రతికే ఆ మనిషికే అధికారమని సిద్ధాంతం చేశారు. ఆ వ్యవస్థలో అన్యాయాలు లేవని నేననను, కొల్లలు. అంత కరుడుగట్టిన వ్యవస్థ కూడా బండి చేసేవాని కోసం ఒక తలుపు తీసింది. సమానత్వం రాసుకున్న మన వ్యవస్థ ఇంకా తీయలేదు. మన చట్టం 'తయారీదారు' అనే మాటకు కర్మాగారమనే అర్థమే పట్టుకొని కూర్చుంది.

ఇంకొకటి. మా పీఠభూమికి బండ్ల తయారీ కొత్త కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 నుంచి అక్కడ కార్లు పుడుతున్నవి. ఏడాదికి మూడు లక్షల బండ్ల సామర్థ్యంతో కట్టినది. (పెనుకొండ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా; నేల మాత్రం అదే.) దానికి గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్ళు తెచ్చి ఇచ్చారు. మంచిదే, మా పిల్లలకు కొలువులు దొరికినవి. నాకు కర్మాగారం మీద కోపం లేదు. కానీ ఈ నేలమీదనే మూడు లక్షల బండ్ల కోసం ప్రభుత్వాలు వంగి నీళ్ళు పోసినప్పుడు, ఒక్క బండి కోసం ఒక్క కాగితం తయారు చేయలేవా?

"మరి అలాంటివారిని సన్మానిస్తున్నారు కదా" అని కొందరంటారు. చూశాను. 2021 డిసెంబరులో మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రె గ్రామపు దత్తాత్రేయ లోహార్ ఇంట్లో చేసుకున్న చిన్నబండిని చూసి ఆనంద్ మహీంద్రా ముచ్చటపడి, 2022 జనవరిలో దానికి బదులుగా కొత్త బొలెరో ఇప్పించారు. దాత మంచి మనసును శంకించను. నియమాలకు లోబడనిది కనుక అధికారులు ఏనాటికైనా ఆపుతారని ఆయనే చెప్పారు. ఆలేరు చింతకింది మల్లేశం గారు తల్లి చేయినొప్పి చూసి 1999లో ఆసుయంత్రం చేస్తే, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి రోడ్డు అక్కరలేదు కనుక బ్రతికింది. బండికి శాలువా చాలదు, దారి కావాలి.

నేను కోరేది కొంచెమే. జిల్లాకొక పరీక్షాస్థలం పెట్టండి. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది, పాలిటెక్నిక్కులున్నాయి. రవాణాశాఖ అధికారితో పాటు ఆ అధ్యాపకులు కూర్చొని ఒక్కొక్క బండినీ చూడవచ్చు: బ్రేకు, స్టీరింగు, అతుకులు, దీపాలు, పొగ. నెగ్గినదానికి చట్రం మీద సంఖ్య కొట్టి, పరిమితమైన నంబరు ఇవ్వండి. బాడుగకు తిప్పరాదు, మనుషులను కూలికి ఎక్కించరాదు, జాతీయ రహదారి ఎక్కరాదు, వేగం గంటకు నలభై కిలోమీటర్లు మించరాదు, బీమా తప్పనిసరి, ఏటేటా మళ్ళీ పరీక్ష అని షరతులు పెట్టండి. నెగ్గనిదానికి ఎందుకు నెగ్గలేదో తెలుగులో రాసి ఇవ్వండి. ఇంతే. విద్యార్థులకు కూడా ఇదొక పాఠమవుతుంది. పటంలో తప్ప ఇరుసు చూడని పట్టభద్రులు కొంతమందైనా తగ్గుతారు.

పెద్దమనిషీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. పది తప్పినవాడు బండి చేయవచ్చునా అన్నారు. వాడు పది తప్పలేదు. మేము వాని ప్రశ్నపత్రం తయారు చేయలేదు. చేతికి తెలిసిన విద్యను చదువు అనకపోవడం బళ్ళో నేను చేసిన పాపం, కచేరీలలో మీరు చేసిన పాపం. మన ఇద్దరి పాపమూ కలిసి ఇప్పుడొక ముంగిట్లో పట్టా కింద నిలబడి ఉంది.

పోయిన వారం వాని ఇంటికి వెళ్ళాను. పట్టా ఎత్తి చూపించాడు. ఎక్కడా తుప్పు లేదు. పదిహేను దినాలకొకసారి కందెన పెట్టి, చక్రాలు పైకి ఎత్తి చేతితో తిప్పుతాడట, బిగుసుకుపోకుండా. నేను మొదటిసారిగా ఆ చక్రం తిప్పి చూశాను. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. అప్పుడు వానితో, ఇరవైయారేండ్ల కింద తరగతిలో అన్న మాట తప్పని చెప్పాను. "పోనీలెండి ఐవారూ, అర్జీ రాసియ్యండి" అన్నాడు. రాస్తున్నాను. ఈ టపా దాని చిత్తుప్రతి అనుకోండి.

విభేదించేవారు నిస్సంకోచంగా విభేదించండి. ముఖ్యంగా ఇంజనీర్లు, న్యాయవాదులు నా తప్పులు దిద్దితే అర్జీ బలపడుతుంది.